కోటిలింగం పిడికిలి విజయము

ఏ వీధిలో తొలికోడికంటె ముందుగా మగ్గము మేలుకొనునో, ఏ వీధిలో సూర్యభగవానుడు తన కిరణములను చాచుటకు పూర్వమే నేతగాండ్రు తమ పడుగులను ఈ చివరనుండి ఆ చివరకు చాచి, ఇంక నీకు చోటు లేదు పొమ్మన్నట్లు నిలిచియుందురో, ఏ వీధిలో గంజివాసన, రంగువాసన, పక్కయింటి పులుసువాసన మూడును కలిసి త్రివేణీసంగమమై బాటసారుల ముక్కులను పావనము చేయుచుండునో, పామర్రు పొలములకు పడమటిదిక్కున, బెజవాడ బస్సు దిగి మైలున్నర నడిచినవారికి మాత్రమే దర్శనమిచ్చు ఆ మగ్గాలవీధిలో, వ్యయనామ సంవత్సర మార్గశిర మాసమున, ఒకానొక ఆదివారమునాడు, మధ్యాహ్నము మూడుగంటలకు మొదలుకావలసి నాలుగున్నరకు మొదలైన సన్మానసభయందు ఒక మహాసంగ్రామము జరిగెను.

నాయనలారా, తల్లులారా! ఆ సంగ్రామంలో కత్తులు లేవు, రక్తం చుక్కైనా కారలేదు, ఒక్క గుర్రమైనా చావలేదు. మూడువందలమంది ఎదుట కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఉండగానే మొదలై, వాళ్ళు తొక్కలు దులుపుకుని లేచేలోగా అయిపోయింది. నేను చెప్పకపోతే మీకూ తెలియదు. కాబట్టి ఆ ఆవలింత కాస్త ఆపుకుని వినండి.

ఆ సంగ్రామమునకు నాయకుడు కోటిలింగము. ఏబదియారు వత్సరముల ప్రాయము, బక్కపలుచని దేహము, గుంటమగ్గములో కూర్చుండి కూర్చుండి వంగిన నడుము. చూచినవారెల్లరు ఈయన గట్టిగాలికి ఎగిరిపోడు గదా అని జాలిపడుదురు. ఆయన నోరు తెరచినంతనే ఆ జాలి యెగిరిపోవును. ప్రచండగర్జాసముల్లసితకంఠుడు, మేఘగంధగ్రహణపారీణుడు, పరపడుగుసంరక్షణైకదీక్షాదక్షుడు అని ఆయన బిరుదములు. ఇవి నేను కల్పించినవి కావు బాబూ, ఆనాటి సన్మానపత్రంలో బెజవాడలో అచ్చువేయించినవే.

ఆ బిరుదముల అర్థమేమనగా: మగ్గమెక్కవలసిన పడుగును నేతగాండ్రు వీధిపొడవునా సాగదీసి, గంజిపెట్టి, కుంచెతో దువ్వి ఆరబెట్టుదురు. ఇంటిల్లిపాది దినములతరబడి ఒళ్ళొంచి సిద్ధపరచిన నూలు అది. గంజి ఆరకమునుపు ఒక్క జల్లు పడెనా, అంతయు ముద్దయగును, ఇంటిల్లిపాది నోట మన్ను పడును. అట్టి వేళ, ఆకాశమున ఏ మూలనో అరచేయంత మబ్బు పుట్టగానే, కోటిలింగము తన మగ్గపు గుంటలోనుండియే గాలిని ఎగబీల్చి, ఒక్క ఉదుటున వీధిలోకురికి, "వానొస్తందహో! పడుగులెత్తండహో!" అని కేకపెట్టును. ఆ కేక పామర్రు సంతలో బేరమాడువారికి సైతము వినబడునని ప్రతీతి.

అరచి ఊరకుండునా? ముందుగా ముసలివారి పడుగులెత్తును. పిదప ఒంటరివారివి, ఆ పిదప తనతో మాటలాడుట మానినవారివి, చిట్టచివరకు తనది. ఈ క్రమమును తప్పనందువలననే తొమ్మిదేండ్లలో పదకొండుమార్లు తన పడుగు తడిసి ముద్దయ్యెను. ఆ పదకొండుమార్లును ఆయన ధర్మపత్ని రాఘవమ్మ అనిన మాటలను గ్రంథస్థము చేసినచో అది వేరొక కావ్యమగును. దానిని పిల్లలున్న యింట చదువరాదు.

ఇట్టి పరోపకారమునకుగాను మగ్గాలవీధి పరోపకార సమాజమువారు ఆ యేడు ఆయనను సన్మానింప నిశ్చయించిరి. ఆయనతోబాటు, వరదనాడు తాటిదోనెమీద ఇంటింటికి వచ్చి పురుళ్ళుపోసిన పేటలోని మంత్రసాని తెరేసమ్మను, కాలువలు కట్టివేసిన వేసవిలో వీధివీధికి మంచినీళ్ళు మోసిన ఎనమండుగురి కావిడిదళమును సైతము పిలిచిరి. తెరేసమ్మకు గొడుగు. కావిడివారికి తలకొక బంతిపూలదండ. కోటిలింగమునకు ఎర్రంచు ఉత్తరీయము. అవి నూలు కంట్రోలు రోజులు గనుక సభ మొత్తానికి ఒకే ఒక ఉత్తరీయము.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కెక్కడ వచ్చిందంటే, ఆ నోటికి రెండోపని ఒకటుంది.

కొత్తబట్ట కంటబడినచో కోటిలింగమునకు దానిలోని తప్పు తప్ప మరేదియు కనబడదు. కనబడినది కడుపులో నిలువదు. ఒకనాడు గన్నవరములో ఒక వివాహమునకు వెళ్ళి, వరుడు మంగళసూత్రమును చేతబట్టి వంగియుండగా, మధుపర్కముల అంచున తప్పిన పోగును చూచి "ఆగండాగండి!" అని అరచెను. మేళము ఆగెను. వధువు తండ్రి కన్నులు తేలవేసెను. పురోహితుడు మంత్రము మరచెను. "మరేం లేదు, పేక తప్పింది చూసుకోండి" అని కోటిలింగము తిరిగి చాపమీద కూర్చుండెను. తన సొంత కూతురి పెండ్లిచీరను సైతము విడువక, వియ్యాలవారి యెదుట ఎత్తిపట్టి తప్పు చూపించిన మహానుభావుడు. బట్ట విషయమున ఆయన అబద్ధమాడి యెరుగడు, మెల్లగా మాటలాడియు ఎరుగడు. ఆయన బాగున్నదనినది బాగున్నట్లు, లేదనినది లేనట్లు. వీధికంతటికి అదే శాసనము.

ఇక ఆ ఉత్తరీయమును నేసినదెవరు? సుబ్బరత్నము. ఆమె భర్త బసవపున్నయ్య భాద్రపదములో విషజ్వరముతో కన్నుమూసెను. మిగిలినవి ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగ్గము. ఆ వీధిలో ఆడవారు కండెలు చుట్టుదురు, గంజి కాచుదురు, గాని మగ్గపు గుంటలో దిగరు. సుబ్బరత్నము దిగెను. దిగినంతమాత్రమున సరిపోవునా? నూలు కావలెను గదా! నూలును సహకార సంఘమువారు మగ్గమునకింత అని పంచుదురు, నేసే చేయి లేని మగ్గమునకు ఈయరు. సంఘాధ్యక్షుడు భావనారాయణ చెడ్డవాడు కాడు. కాని నూలు లేక చేతులు ముడుచుకొని కూర్చున్న నేతగాండ్రు ఇరువదిమంది ఆయన అరుగుమీదనే పొద్దుపుచ్చుచుండిరి.

"చూడమ్మా," అని ఆయన సుబ్బరత్నముతో చెప్పెను, "నేను ఊరికే ఇస్తే వీళ్ళు నన్ను బతకనివ్వరు. సన్మానం ఉత్తరీయానికి మాత్రం నూలిస్తా, నువ్వే నెయ్యి. సభలో అందరూ చూస్తారు, మన కోటిలింగం బావ కప్పుకుంటాడు. తప్పులేదంటే సోమవారం వచ్చి నూలు పట్టుకుపో. తప్పుందంటే మాత్రం మగ్గం విప్పేద్దాం, నన్నేమీ అనొద్దు."

"సరే బాబాయ్," అనెను ఆమె. ఆ షరతు సాయంత్రమునకెల్ల వీధియంతయు ప్రాకెను.

ఆమె రేయింబవళ్ళు నేసెను. ఆదివారము మూడుగంటలకు గాని గుడ్డ మగ్గము దిగలేదు. విప్పి చూచుకొనుటకైనను వ్యవధి లేక, మడతపెట్టి, పరుగుపరుగున సభకు పంపి, తాను వెనుకగా వచ్చి పందిరి చివరి గుంజను పట్టుకొని నిలిచెను.

సభకు అధ్యక్షులు బెజవాడ ప్లీడరు వెంకటప్పయ్య పంతులుగారు. వారెక్కిన బొగ్గుబస్సు దారిలో రెండుమార్లు చల్లారుటచే వారును ఆలస్యముగానే వేంచేసిరి, ముక్కుమీద మసితో వేంచేసిరి. ఆ మసి సంగతి వారికి చెప్పు ధైర్యము ఎవరికిని లేకపోయెను. కోటిలింగము తప్ప మరెవరు చెప్పుదురు? ఆయన చెప్పనే చెప్పెను.

అప్పుడు భావనారాయణ, జనసమ్మర్దతుములకరతాళధ్వానములు పందిరితాటాకులను గడగడలాడింపగా, ఆ ఎర్రంచు ఉత్తరీయమును విప్పి, కోటిలింగము భుజములనిండ కప్పెను. నలుబదేండ్లు గుడ్డ నేసినవాని ఒంటిమీద ఆనాడు తొలిసారిగా మరొకరు గుడ్డ కప్పిరి. కోటిలింగము కన్నులు చెమ్మగిల్లెను. చెమ్మగిల్లిన కన్నులతోనే, అలవాటుచొప్పున, గుడ్డవంక చూచెను.

చూచుటయేమి, ఎడమచేతి బొటనవ్రేలు దానంతటదియే పోయి సరిగా ఆ చోటనే వ్రాలెను. ఎడమ కొంగున, అంచునకు జానెడు లోపల, మూడు పడుగుపోగులు తెగియుండెను. తెగినవి కానక, పేకపోగును మోయు నాడె వాటిమీదుగా దాటిపోయెను. అచట కందిబద్దంత కన్నము. మీకూ నాకూ కనబడదు. నేతగాని కంటికి మాత్రము అది నడివీధిలో నూయి.

తత్క్షణమే ఆయన నాభిస్థానమున ఒక కేక పుట్టెను. పుట్టినది పైకి లేచెను. ఉదరమును దాటెను, వక్షమును దాటెను, కంఠద్వారమున నిలిచి తలుపు తట్టెను. నోరు అరంగుళము తెరచుకొనెను. అంతలో ఆయన చూపు పందిరి చివరకు పోయెను. అచట సుబ్బరత్నము పమిటచెంగును పండ్లమధ్య కరచిపట్టి నిలిచియుండెను. సభికులందరు ఉత్తరీయమును చూచుచుండగా ఆమె ఒక్కతెయే ఆయన నోటిని చూచుచుండెను.

కోటిలింగము నోరు మూసికొనెను. మూసికొని, ఎడమచేతితో ఆ కొంగును ఆ కన్నముతో సహా ఒడిసిపట్టి, పిడికిలి బిగించెను. బిగించి, పెదవి కదలకుండ, తన అవయవములనుద్దేశించి ఇట్లు పలికెను:

"ఓ జిహ్వా! నలుబదేండ్లుగా నీవు కోరినదెల్ల పలుకనిచ్చితిని, పెండ్లిపందిళ్ళలో సైతము నీకు అడ్డురానైతిని. నేడు ఒక్క జాము నాకొరకు పడియుండుము. ఓ వామహస్తమా! నీవు నేటివరకు నాడెను విసరితివి, అన్నము ముట్టవైతివి, నిన్నెవ్వరు పొగడరైరి. నేడు నీకు పేరు వచ్చు దినము. ఈ పిడికిలిలోనున్నది మూడు పోగులు కావు, ఇద్దరు ఆడపిల్లల అన్నము. నన్ను పొగరుబోతందురు గాక, మతిలేనివాడందురు గాక, ఈ సభ ముగియువరకు నీవు తెరచుకొంటివా, ఇంటికి పోయినపిదప నీతో నాకు మాటలు లేవు!"

అంతట తొలి విపత్తు వచ్చెను. వెంకటప్పయ్య పంతులుగారు లేచి, బంతిపూలదండను కోటిలింగము మెడలో వేసి, రెండుచేతులు జోడించి నమస్కరించిరి. ప్రతినమస్కారము చేయవలెను గదా! రెండుచేతులు కలియవలెనన్న పిడికిలి విప్పవలెను. కోటిలింగము ఒక క్షణము తల్లడిల్లి, కుడిచేతిని మాత్రము పైకెత్తెను. ఎత్తిన ఒంటిచేయి నమస్కారమువలె కనబడునా? దీవెనవలె కనబడెను. బెజవాడ కోర్టులో ఇరువదియేండ్లు వాదించిన పంతులుగారు దీవెనపొంది, ఎర్రబడిన మొగముతో తిరిగి కుర్చీలో కూర్చుండిరి.

సభలో గుసగుసలు లేచెను.

"చూశావా, ఉత్తరీయం పడంగానే స్వాములోరైపోయాడు."

"మొన్నటిదాకా బానే ఉన్నాడయ్యా. ఏం పోయేకాలం?"

ముందువరుసలో రాఘవమ్మకు తల కొట్టివేసినట్లయ్యెను. ఆమె రెండుచేతులు జోడించి చూపించుచు, "ఇట్టా, ఇట్టా పెట్టు" అని కన్నులతోను, పెదవులతోను, చివరకు మోచేతులతోను సైగచేసెను. కోటిలింగము ఆమెను చూడనట్లే పందిరిగుంజలను లెక్కపెట్టసాగెను. ముప్పదియారేండ్ల కాపురములో భార్య సైగను కాదనుట ఆయనకు అదియే మొదలు. ఆ ధైర్యము ఎక్కడనుండి వచ్చినదో ఆయనకే తెలియదు.

రెండవ విపత్తు పక్కకుర్చీలోనుండి వచ్చెను. తెరేసమ్మ ఒళ్ళో కొత్తగొడుగు పెట్టుకొని కూర్చుండి, ఆయన ఎడమచేతిని ఓరకంట పరిశీలించుచుండెను. వేలిగణుపులు తెల్లబారియున్నవి. మనుష్యుడు పలుకకున్నాడు. కోటిలింగమా, పలుకకుండుటయా!

"అన్నయ్యా, ఎడమపక్క తిమ్మిరిగా ఉందా?" అని ఆమె మెల్లగా అడిగెను.

"లేదమ్మా."

"మూతి వంకరపోతున్నట్టు అనిపిస్తోందా?"

"నా మూతి ఇంతేనమ్మా."

"మీకు తెలీదు, ఊరుకోండి. పక్షవాతం ఇట్టానే మొదలవుద్ది. చెయ్యి ఇటివ్వండి."

ఇచ్చువరకు ఆమె ఆగలేదు. నలుబదిమూడుమంది శిశువులను భూమిమీదికి లాగిన చేతులవి. ఆ చేతులతో ఆమె కోటిలింగము మణికట్టును ఒడిసిపట్టి, పిడికిలిసందున బొటనవ్రేలు దూర్చి, కరుణాపరవశయై, కీలుకీలుగా విప్పబోయెను. ఆహా, ఏమందును! శత్రువు శత్రుత్వముతో వచ్చినచో ఎదుర్కొనవచ్చును, ప్రేమతో వచ్చినచో ఎట్లు ఎదుర్కొందుము? చిటికెనవ్రేలు లొంగెను. ఉంగరపువ్రేలు ఊగిసలాడెను. కోటిలింగము పండ్లబిగువున ఊపిరి బిగబట్టి, మిగిలిన వ్రేళ్ళతో ఆ కొంగును ప్రాణమువలె పట్టుకొని, "తెరేసమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా, వదులు. నాకేం జబ్బు లేదు. ఇది నేనే మూశా, నేనే తెరుస్తా" అని గొణిగెను.

ఆమె ఆయన మొగములోకి చూచెను. జబ్బుమనిషి చూపుకాదని తెలిసికొని, "సరే మీ ఇష్టం. రేప్పొద్దున ఆవదం పట్టుకొచ్చి తోముతా, అప్పుడు కాదంటే ఊరుకోను" అని విడిచెను. చిటికెనవ్రేలు తిరిగి తన స్థానమును చేరుకొనెను.

మూడవ విపత్తు అధ్యక్షోపన్యాసము. పంతులుగారు లేచి, "సభాసదులారా! ఇరుగుపొరుగు అనగా నేమి?" అని ప్రశ్నించి, దానికి ముప్పాతికగంట సమాధానము చెప్పిరి. వేదకాలమున ఇరుగెట్లుండెనో చెప్పిరి, రాజుల కాలమున పొరుగెట్లుండెనో చెప్పిరి, నడుమ ఒక దావాను, అందు తాము గెలిచిన విధమును చెప్పిరి. దీవెన బాధ ఇంకను మనసున మెదలుచుండగా, "వినయమే సేవకు భూషణము, అది లేనివాడు ఎంత చేసినను ఏమి?" అని కోటిలింగమువంక తిరిగి రెండుమార్లు అనిరి. కోటిలింగము తలవంచి వినెను. పిడికిలిలో చెమట పట్టెను, చేయి మొద్దుబారెను, మోచేతివరకు చీమలు ప్రాకినట్లుండెను. కందిబద్దంత కన్నము ఆ చీకటిలో ఆయన అరచేతిని పొడుచుచు, "చెప్పవేమి, చెప్పవేమి" అని వేధించుచుండెను.

ఉపన్యాసము ముగిసెను. "సన్మానితులు రెండు మాటలు మాట్లాడతారు" అని ఎవరో ప్రకటించిరి.

వెనుకనున్నవారు ఆయన గొంతు తెలిసినవారు గనుక ముందుగానే చెవులు సవరించుకొనిరి. కోటిలింగము లేచి నిలిచి, నోరు తెరచి, కంఠద్వారమున కాచుకొనియున్న ఆ కేకను క్రిందికి త్రోసి, దాని పక్కసందులోనుండి నాలుగుమాటలను బయటికి లాగెను.

"అందరికీ దండాలు. నేనేం చేశాను, అరిచాను. మీరే ఎత్తుకున్నారు. కూర్చుంటా." 

కూర్చుండెను. ఇది ఆయన గొంతేనా అని జనులు ఒకరి మొగములొకరు చూచుకొనిరి.

అప్పుడు, నాయనలారా, అసలు యుద్ధం వచ్చింది. భావనారాయణ కండువాతో మొగము తుడుచుకొని, కళ్ళజోడు పెట్టెను తీసి, అద్దములను ధోవతికి రుద్దుచు వేదిక ముందుకు వచ్చెను.

"బావా, ఆఖరుగా ఒక్కమాట. గుడ్డ ఎట్టా ఉంది? నీ నోటితోనే చెప్పు, అందరూ వింటారు."

నూలు లేని నేతగాండ్రు ఇరువదిమంది మెడలు చాచిరి. పందిరి చివర సుబ్బరత్నము గుంజను రెండుచేతులతో పట్టుకొనెను. తప్పున్నదనినచో ఆమె మగ్గము పోవును. లేదనినచో నలుబదేండ్ల మాట పోవును. బట్ట విషయమున అబద్ధమాడిన నోటితో రేపు ఏ పడుగువంకకు చూడగలడు? ఆయన ఉత్తరీయమును మరల ఒకసారి, తప్పుకొరకు గాక, ఊరకనే చూచెను. అట్లు చూచుట ఆయనకు చేతకాదు, అయినను చూచెను. అంచు తాడుపట్టి గీచినట్లుండెను. నేత ఎక్కడ చూచినను ఒకే బిగువుగా ఉండెను. మూడునెలల క్రితమువరకు కండెలు మాత్రమే చుట్టిన చేతులు ఇంతపని చేసినవి గదాయని ఆయన ఆ అంచును కుడిచేతితో ఒకసారి నిమిరెను.

"బావా," అనెను కోటిలింగము, "ఇన్నేళ్ళూ ఎవరు నేసిన గుడ్డయినా విప్పి చూశా. ఇది విప్పను. నా ఒంటిమీంచి తియ్యను. ఎవరు తియ్యబోయినా ఊరుకోను."

"అంటే ఎట్టా ఉన్నట్టు?"

"నాకు నచ్చినట్టు!"

భావనారాయణ కళ్ళజోడు తగిలించుకొనెను. కుడికొంగును చేతబట్టి, అంచువెంట చూచుచు, జానజానగా ఎడమవైపునకు జరుగసాగెను. భుజము దాటెను. మెడ దాటెను. ఎడమ భుజము దాటి, క్రిందికి దిగి, పిడికిలివద్దకు వచ్చి ఆగెను.

"చెయ్యి తియ్యి బావా."

"తియ్యను."

ఇద్దరు ముసలివారు ఒకరి కన్నులలోకి ఒకరు చూచుకొనిరి. భావనారాయణయు నేతగాడే. సొంత కూతురి పెండ్లిచీరను విడువని మనుష్యుడు ఈనాడు ఒక కొంగును మూసి పట్టుకొనెననిన, అచట ఏమున్నదో ఆయనకు ఎవరు చెప్పవలెను? ఆయన పిడికిలిని చూచెను. తెల్లబారిన వేలిగణుపులను చూచెను. కళ్ళజోడు మీదుగా పందిరి చివరకు చూచెను. పిదప మెల్లగా కళ్ళజోడు తీసి, పెట్టెలో పెట్టి, మూత నొక్కెను.

"నువ్వే దాచుకున్నావంటే దాచుకోదగ్గ గుడ్డే అయ్యుంటుంది," అని కోటిలింగమునకు మాత్రమే వినబడునట్లు అని, సభవైపు తిరిగి, "అమ్మాయ్ సుబ్బరత్నం! సోమవారం పొద్దున్నే రా, నూలు పట్టుకుపో" అని కేకవేసెను.

సభ చప్పట్లు కొట్టెను. సుబ్బరత్నము గుంజను విడిచి, అచటనే నేలమీద కూలబడి ఏడ్చెను.

ఇంటికి పోయినపిదప సంగతులు వేరు. రాఘవమ్మ గడప దాటకమునుపే మొదలుపెట్టెను.

"బెజవాడ నుంచి వచ్చిన పెద్దమనిషిని దీవిస్తావా? ఎవరనుకుంటున్నావు నువ్వు? నా తలెక్కడ పెట్టుకోవాలి? రేపు నీళ్ళకెళ్తే ఆడాళ్ళందరూ నన్ను చూసి ఇట్టా చెయ్యెత్తుతారు!"

"రాఘవమ్మా."

"ఏంటి?"

"చెయ్యి తెరుచుకోట్లేదే."

ఆమె తిట్టు సగములో ఆగెను. వచ్చి చూచెను. వ్రేళ్ళు కొయ్యబారి యుండెను. ఆమె గబగబ వేణ్ణీళ్ళు కాచి, ఆ పిడికిలిని గిన్నెలో పెట్టి, ఒక్కొక్క వ్రేలిని ఒత్తుచు, ఒత్తుచు విప్పెను. అయిదవ వ్రేలు విచ్చుకొనగా, నలిగి, తడిసిన కొంగు బయటపడెను. ఆమెయు నేతగాని బిడ్డయే. దీపము దగ్గరకు జరిపి చూచెను.

"నా పులుసులో ఉప్పు ఒక రవ్వ తగ్గితే వీధి వీధంతా చాటావు, ముప్పయ్యారేళ్ళు," అనెను చివరకు. అని, నవ్వబోయి, నవ్వురాక, ఆ చేతిని తన మొగమునకు ఆనించుకొనెను. "నీమీద కోపం వచ్చిందయ్యా ఇవాళ. ఇంత కోపం ఎప్పుడూ రాలా. నన్ను క్షమించు."

అంతలో తలుపు చప్పుడయ్యెను. సుబ్బరత్నము.

"మావయ్యా, కూర్చోను, పిల్లలు ఒక్కళ్ళే ఉన్నారు. ఒక్కమాట అడగాలని వచ్చా. గుడ్డలో ఎక్కడన్నా తప్పు ఉందా? నిజం చెప్పండి. చూసుకోడానికి పొద్దు చాల్లేదు. తెలీకపోతే రేపూ అదే తప్పు నేస్తాను."

సభ జరిగినంతసేపు గట్టుకట్టి యాపిన ఆ కేక, పిలుపు విని, ఒక్కసారిగా లేచెను. కోటిలింగము బుగ్గలు పొంగెను. మెడనరములు ఉబ్బెను. రాఘవమ్మ ఉలికిపడి పక్కయింటివైపు కిటికీని చూచెను. అది బార్లా తెరచియుండెను. మూయుటకు పోవునంత వ్యవధి లేదు. కోటిలింగము నోరు తెరచెను.

"ఉందమ్మాయ్," అనెను.

"ఏంటి మావయ్యా? వినపళ్ళేదు."

"ఉందంటున్నా. ఇదుగో, ఇక్కడ. మూడు పోగులు తెగినయ్."

"నాకూ వినపళ్ళేదు," అనెను రాఘవమ్మ, తన చెవులను తానే నమ్మక.

ఆయన ఇద్దరిని దీపము చెంతకు రమ్మని సైగచేసి, తలలు మూడును దగ్గరకు చేర్చి, ఆ కందిబద్దంత కన్నమును వ్రేలితో చూపుచు, మూడవమారు చెప్పెను. ఈమారు సుబ్బరత్నమునకు వినబడెను. ఆమె కన్నులనిండ నీళ్ళు తిరిగెను. "అయితే సభలో మీరు ఒంటిచేత్తో..." అని ఆగిపోయెను.

"సభలో చలేసింది," అనెను కోటిలింగము. "రేప్పొద్దున వస్తా. పోగు తెగంగానే మగ్గం ఎట్టా ఆపాలో చూపిస్తా. భయపడకు. మిగతా గుడ్డంతా బాగుంది."

విజయము! విజయము! దిక్కులారా వినుడు, కృష్ణాతీరవాసులారా వినుడు! ఏ కంఠము కల్యాణమంటపములను కంపింపజేసెనో, ఏ కంఠము తప్పును చూచి ఒక్క క్షణమైనను ఓర్వదాయెనో, ఆ దుర్నివారదోషఘోషణాభీషణకంఠము, వ్యయనామ సంవత్సర మార్గశిరమున, దీపములు పెట్టు వేళ, మూడు పోగుల తప్పును, మూడుమార్లు, పక్కయింటికి వినబడకుండ చెప్పెను!

నమ్మరా? అయితే ఆ పక్కింటివాళ్ళనే అడగండి. కిటికీ తెరిచే ఉన్నా కోటిలింగం గొంతు వినబడకపోయేసరికి, పాపం మనిషికి ఏదో పెద్ద జబ్బే చేసి ఉంటుందని హడలిపోయి, ఇంటిల్లిపాదీ మిరియాలచారు కాచి పట్టుకొచ్చారు.